పాత ఫాంట్ల మార్పిడి మాడ్యూల్‌ను విరమించాలా, కొనసాగించాలా?

మూసీతీరం (నిర్వాహకురాలు, తార్నాక)

సభ్యులందరికీ నమస్కారం. మన లిపి మార్పిడి ఉపకరణం 4.0 విడుదల నుంచి పాత ఫాంట్ల మాడ్యూల్‌ను తొలగించాలన్న ప్రతిపాదనను మీ ముందు పెడుతున్నాను. నిర్ణయం ఇంకా జరగలేదు కనుక, అభ్యంతరాలు ఉన్నవారు కారణాలతో సహా ఇక్కడే రాయవలసిందిగా కోరుతున్నాను.

కొత్త సభ్యుల కోసం కొంత నేపథ్యం చెబుతాను. ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ ఒకే సంకేతం ఇచ్చే యూనికోడ్ పద్ధతి మన కంప్యూటర్లలో స్థిరపడకముందు తెలుగును ఎనిమిది బిట్ల ఫాంట్లలో రాసేవారు. అలాంటి ఫాంటులో ఉండేవి 256 గడులే. తెలుగు గుణింతాలు, ఒత్తులు అన్నీ వాటిలో పట్టవు కనుక అక్షరాన్ని తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అంటూ ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఆ ముక్కలను కూర్చేవారు. ఏ ముక్కను ఏ గడిలో పెట్టాలన్నది ఒక్కో ఫాంటు తయారీదారు ఇష్టం. అటువంటి పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చేదే ఈ మాడ్యూల్. ఒకప్పుడు మన ఉపకరణం ఉన్నదే ఆ పని కోసం. ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నది లిప్యంతరీకరణను, అక్షరక్రమ సవరణను మాత్రమే.

ఈ మాడ్యూల్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, దాని 2వ కూర్పు కాలంలో రాసినది. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. అప్పట్లో దీన్ని త్వరత్వరగా పైథాన్ 3కి మార్చారు. దీన్ని స్థాపించే భాగం డిస్ట్‌యుటిల్స్ అనే పైథాన్ మాడ్యూల్ మీద, వెబ్ పేజీ భాగం సీజీఐ అనే మాడ్యూల్ మీద ఆధారపడి ఉన్నాయి. మొదటిది పైథాన్ 3.12లో, రెండవది 3.13లో భాషతో పాటు వచ్చే మాడ్యూళ్ల నుంచి తొలగిపోయాయి. డెబియన్ అనే లినక్స్ పంపిణీ 13వ విడుదలలో ఉన్నది పైథాన్ 3.13 కనుక, అక్కడ మన మొత్తం ఉపకరణమే స్థాపన దశలో ఆగిపోతోంది. వాడేవారు తక్కువైన ఒక భాగం కోసం మిగిలిన అన్ని భాగాల విడుదలా ఆగుతోంది. ఈ మాడ్యూల్‌ను మొదట రాసినవారు ఇప్పుడు ప్రాజెక్టులో లేరు, దానికి పరీక్షలు లేవు, అందులో మార్పు చేయడానికి ముందుకు వచ్చేవారూ లేరు. ఈ స్థితిలో విరమించడమే నిజాయితీ అని నా అభిప్రాయం.

అచ్చుగది (చిక్కడపల్లి)

మూసీతీరం గారూ, మీ ఇబ్బంది నాకు అర్థమైంది. అయితే వాడేవారు తక్కువ అన్న మాటను ఒప్పుకోవడానికి ముందు మా గల్లీలో పని ఎలా నడుస్తుందో తెలుసుకోవలసిందిగా మనవి.

నేను డీటీపీ పని చేస్తాను. చిక్కడపల్లిలోనూ నల్లకుంటలోనూ ఏళ్ల తరబడి తెలుగు పుస్తకాలు తయారైన పద్ధతి ఒకటే. ‘అను’ అనే పేరున్న ఫాంట్లలో టైపు చేయడం, పేజ్‌మేకర్‌లో పేజీలు కట్టడం, ప్రూఫులు దిద్దించడం, ట్రేసింగులు తీసి ప్రెస్సుకు పంపడం. పేజ్‌మేకర్ చివరి ప్రధాన కూర్పు 7.0 వచ్చింది 2001లో. ఆ ఫైళ్లను నేరుగా తెరవగలిగిన ఆఖరి ఇన్‌డిజైన్ (పేజీలు కట్టే తరువాతి తరం సాఫ్ట్‌వేర్) 2012 నాటి సీఎస్6. ఆ తరువాతి కూర్పులు వాటిని తెరవవు. ఇందుకే మా దుకాణంలో ఒక పాత విండోస్ యంత్రాన్ని ఇప్పటికీ కాపాడుకుంటున్నాం.

కథల సంపుటులు, సాహిత్య వ్యాసాలు, జిల్లా చరిత్రలు, కులవృత్తుల మీద చిన్న పుస్తకాలు, రచయితలు సొంత ఖర్చుతో వేయించుకున్న కవిత్వం, ఇవన్నీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. చాలావాటికి మరో రూపం లేదు. డిసెంబరు దగ్గర పడుతుండగా, పుస్తక ప్రదర్శనకు మలి ముద్రణ తేవాలనుకునే చిన్న ప్రచురణకర్తలు సీడీలు పట్టుకుని వస్తారు. కొందరు రచయితలు కాలం చేశారు, వారి పిల్లలు వస్తారు. ఈ-పుస్తకం కావాలంటారు, ఫోనులో చదవగలిగేలా కావాలంటారు. అప్పుడు నేను చేసేది ఒక్కటే. పేజ్‌మేకర్ నుంచి ఆర్‌టీఎఫ్ అనే తరహా పాఠ్య ఫైలుగా తీసి, మన మాడ్యూల్‌కు ఇచ్చి, వచ్చిన పాఠ్యాన్ని ప్రూఫు చూపించి ఇస్తాను. నా దగ్గరి పాత కూర్పుతో అది ఈనాటికీ చక్కగా పనిచేస్తోంది.

మా వంటి వాళ్లం కోడు ఉంచే గిట్‌హబ్ సైటులో మెచ్చుకోలు నక్షత్రాలు పెట్టం, బగ్గులు నమోదు చేయం. ఉపకరణం పనిచేస్తున్నంత కాలం మేమున్నట్టే మీకు తెలియదు. అందుకని మేం లేమని లెక్క వేయకండి.

కొత్తచివురు (మాదాపూర్)

అచ్చుగది గారి పని మీద నాకు గౌరవం ఉంది. అయినా నిర్వాహకురాలి ప్రతిపాదననే సమర్థిస్తున్నాను.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఏదీ నిజంగా పోదు. కోడును దాచే రిపాజిటరీ చరిత్రలో ప్రతి కూర్పూ ఉంటుంది. పాత కూర్పు పనిచేస్తోందని ఆయనే అంటున్నారు కనుక దాన్నే వాడుకోవచ్చు. పెద్ద ప్రాజెక్టులు ఇంతకంటే కఠినమైన నిర్ణయాలు తీసుకున్నాయి. లినక్స్ వ్యవస్థ కేంద్రభాగమైన కెర్నెల్‌లో రైజర్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ను 2022లో, 5.18 విడుదలలో విరమణ జాబితాలో చేర్చారు. 2025 జనవరిలో వచ్చిన 6.13లో తీసేశారు. మనుషుల డేటా ఉన్న డిస్కులను చదివే కోడే అది. ముందుగా చెప్పారు, గడువు ఇచ్చారు, ఆ తరువాత తొలగించారు. పైథాన్ కూడా 3.13లో ఒకేసారి పంతొమ్మిది పాత మాడ్యూళ్లను తీసేసింది. వాటి విరమణ ప్రకటన 3.11 నుంచే నడిచింది.

మన దగ్గర పనిచేసేవారంతా ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిపూట, ఆదివారాల్లో కూర్చునేవారే. ఆ కాస్త సమయమూ ఎవరికీ అర్థం కాని కోడు దగ్గర ఖర్చయిపోతే, కొత్తగా రావలసిన అక్షరక్రమ సవరణ పని ఎప్పటికీ ముందుకు సాగదు.

పాతగ్రంథం (బాగ్‌లింగంపల్లి)

నేను గ్రంథాలయ సూచికల పనిలో ఉన్నాను. తొలగించాలా ఉంచాలా అన్న ప్రశ్నకంటే ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉందని నా అభిప్రాయం. ఈ మాడ్యూల్ ఇప్పుడు ఇస్తున్న ఫలితం సరైనదేనా?

మా దగ్గరికి వచ్చిన కొన్ని పాత పత్రికల పాఠ్యాన్ని మన ఉపకరణం తాజా కూర్పుతో మార్చి చూశాను. పేజీ పైపైన చూస్తే తెలుగులాగానే ఉంది. దగ్గరగా చదివితే ‘శక్తి’ అని ఉండవలసిన చోట ‘శకి్త’ అని, ‘స్త్రీ’ బదులు ‘సీ్త్ర’ అని, ‘చక్రం’ బదులు ‘చ్రకం’ అని, ‘కార్యక్రమం’ బదులు ‘కార్య్రకమం’ అని వచ్చాయి. ఒత్తులు లేని మాటలన్నీ సరిగ్గా ఉన్నాయి. అందుచేత మొదటి రెండు మూడు వాక్యాలు చూసి బాగుందనుకుని ముందుకు వెళ్లిపోయే ప్రమాదం ఎక్కువ.

కారణం అందరికీ తెలిసినదే అయినా, ఇక్కడ రాయడం మంచిది. పాత ఫాంటులో అక్షరాల ముక్కలు కంటికి కనిపించే వరుసలో ఉంటాయి. యూనికోడ్‌లో పలికే వరుసలో ఉండాలి. ‘క్ర’లో రవత్తు కనిపించేది క ఎడమ పక్కన కనుక పాత పాఠ్యంలో రవత్తు ముందు, క తరువాత ఉంటాయి. యూనికోడ్‌కు మాత్రం ముందు క, ఆపై పొల్లు, ఆపై ర కావాలి. ‘క్తి’లో గుడి క మీద ఉంటుంది, త ఒత్తు కింద ఉంటుంది. పాత పాఠ్యంలో ‘కి’ ఒకే ముక్కగా వచ్చి, దాని వెనుక త ఒత్తు వస్తుంది. యూనికోడ్‌లో గుడి చిట్టచివరకు జరగాలి. ముక్కకు ముక్క మార్చేసి ఈ సర్దుబాటు చేయకపోతే, వచ్చేది నేను పైన చూపిన తెలుగే.

ఇటువంటి పాఠ్యం సూచికలోకి ఎక్కితే నష్టం చాలాకాలం బయటపడదు. ‘శక్తి’ అని వెతికిన పాఠకుడికి ఆ పుస్తకం దొరకదు. దొరకలేదన్న సంగతి కూడా అతనికి తెలియదు. ఐత్వంతో మరో చిక్కు ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు కింది ముక్కను చేర్చి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే. మన మాడ్యూల్ రెండు గుర్తులుగా ఇస్తోంది. ఇటువంటి రూపాలను ఒకటిగా చేసే సాధారణీకరణ లేని వెతుకుడు యంత్రానికి అవి రెండు వేరు వేరు మాటలు.

మాడ్యూల్ లేకపోతే చేత్తో టైపు చేయించుకుంటాం, లేదా స్కాను చేసి, బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ చేయించుకుంటాం. ఖర్చు ఎక్కువే అయినా ఏం చేస్తున్నామో మనకు తెలుస్తుంది. తప్పును తప్పని చెప్పకుండా ఇచ్చే మాడ్యూల్‌ను, సరిచేయలేకపోతే, ఈ రోజే ఆపేయాలన్నది నా మాట. దానికి 4.0 వరకు ఆగడం కూడా సరికాదు.

గొలుసుకట్టు (డెబియన్ ప్యాకేజీల పని, ఈసీఐఎల్)

విరమణ అంటే ఒక కమిట్‌తో, అంటే కోడులో నమోదు చేసే ఒక్క మార్పుతో, ఫోల్డరును తుడిచేయడం మాత్రమే కాదని గుర్తు చేయడానికి రాస్తున్నాను. దానికి అనేక పద్ధతులు ఉన్నాయి, ఇతరుల అనుభవం మన ముందు ఉంది.

పెర్ల్ భాషలో సీజీఐ మాడ్యూల్‌ను 2015లో వచ్చిన 5.22 నుంచి భాషతో పాటు ఇవ్వడం మానేశారు. కానీ అది పెర్ల్ మాడ్యూళ్లు దొరికే సీప్యాన్‌లో విడి ప్యాకేజీగా కొనసాగింది. కావలసినవారు తెచ్చుకుంటారు, అక్కరలేని వారిపై దాని భారం పడదు. సమాచార రహస్యీకరణకు వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ 2021లో 3.0 విడుదల చేసినప్పుడు ఎండీ4, ఆర్‌సీ4 వంటి పాత రహస్యీకరణ పద్ధతులను వేరే భాగంలోకి జరిపింది. ఆ భాగం దానంతటది లోడు కాదు. తెలిసి అడిగినవారికే దొరుకుతుంది. మనకు ఈ రెండవది బాగా సరిపోతుంది, ఎందుకంటే పాతగ్రంథం గారు చెప్పిన ప్రమాదం తెలియక వాడేవారికే కదా.

కొత్తచివురు గారి రైజర్‌ఎఫ్ఎస్ ఉదాహరణ గురించి కూడా ఒక మాట. ఆ డిస్కు ఎవరి దగ్గర ఉందో వారికి తెలుసు, ఎందుకంటే రోజూ వాడుతున్నారు. గడువులోగా పాత కెర్నెల్‌తో తెరిచి మరో డిస్కులోకి నకలు తీసుకుంటే పని అయిపోతుంది. ఇక్కడ ఫైళ్లు అల్మారాల్లో సీడీల మీద ఉన్నాయి. మలి ముద్రణ తలపెట్టిన రోజున గాని అవి ఉన్నాయని, తెరుచుకోవని తెలియదు. అటువంటి వారికి మనం ఎంత గడువు ఇచ్చినా ఆ ప్రకటన చేరదు.

చరిత్రలో ఉంటుంది కదా అన్న వాదం కోడు రాసేవారికి సరిపోతుంది. నేటి పైథాన్‌లో నడవని కోడు రిపాజిటరీ చరిత్రలో ఎంత భద్రంగా ఉన్నా, డీటీపీ పని చేసే మనిషి దాన్ని బయటికి తీసి నడుపుకోలేడు.

దూరతీరం

హైదరాబాదులో చదువుకుని ఇప్పుడు విదేశంలో పరిశోధన చేస్తున్నాను. నా అవసరం అచ్చు పుస్తకాలతో కాదు, పాత వెబ్‌తో. 2000ల మొదట్లో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి తన సొంత ఫాంటుతో నడిచేవి. ఆ ఫాంటు దించుకోకపోతే తెర మీద ఇంగ్లీషు అక్షరాల గందరగోళమే కనిపించేది. వాటిని బ్రౌజరులోనే యూనికోడ్‌గా చూపడానికి, బ్రౌజరుకు అదనంగా చేర్చుకునే పద్మ వంటి పొడిగింతలు వచ్చాయి. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా పొడిగింతలకు మద్దతు ఆపేసింది.

ఆ రోజుల పేజీలు కొన్ని, పాత వెబ్ పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మలిదశ తొలి సంవత్సరాలపై పనిచేసేవారికి అవి ముఖ్యమైన ఆధారాలు. వాటిలోని తెలుగును నేటి పరిశోధకుడు చదవాలన్నా, వెతకాలన్నా, ఉటంకించాలన్నా ఆ ఫాంట్ల పట్టికలే దిక్కు. దయచేసి పట్టికలను వదులుకోకండి. కోడు విషయం మీరు ఎలా తేల్చినా నాకు సమ్మతమే.

కొత్తచివురు

దూరతీరం గారు పట్టికలు, కోడు అని రెండుగా విడదీయడం చూసి, నిన్న రాత్రి మాడ్యూల్‌ను మొదటి నుంచి చివరి వరకు చదివాను. నాకు కనిపించింది వివరంగా రాస్తున్నాను, తెలిసినవారు సరిచూడవలసిందిగా కోరుతున్నాను.

లోపల మూడు పొరలు ఉన్నాయి. అన్నిటికంటే కింద పట్టికలు. ఏ ఫాంటులో ఏ గడిలో ఏ ముక్క ఉందో ఒక్కో గడినీ చూసి చేత్తో రాసినవి. మధ్యలో ముక్కలను పలికే వరుసలోకి సర్దే భాగం. పైన వెబ్ పేజీ, స్థాపన. కొత్త పైథాన్‌లో ఆగిపోతున్నది పై పొర ఒక్కటే. అది మన 4.0కు అసలు అక్కరలేదు.

పాతగ్రంథం గారు చూపిన తప్పులన్నీ మధ్య పొరవి. దాని కారణం దొరికిందని అనుకుంటున్నాను. పైథాన్ 2లో బైట్ల వరుస నుంచి ఒక స్థానం తీస్తే ఒక బైటున్న చిన్న వరుసే వచ్చేది. పైథాన్ 3లో అదే చోట అంకె వస్తుంది. ఈ కోడులో ‘ఇది రవత్తు ముక్కేనా’ అని పోల్చే ప్రతి చోటా ఒక పక్క అంకె, మరో పక్క బైటు ఉన్నాయి. ఆ రెండూ ఎప్పటికీ సమానం కావు. దోషసందేశమూ రాదు. పోలిక విఫలమై, సర్దుబాటు జరగకుండానే పాఠ్యం ముందుకు వెళ్లిపోతుంది. అంటే పైథాన్ 3కి మార్చిన నాటి నుంచి సర్దుబాటు పొర ఉండి కూడా లేనట్టే. అచ్చుగది గారి పాత యంత్రం మీద ఫలితం బాగుండటానికి, గ్రంథాలయంలో తాజా కూర్పుతో తప్పులు రావడానికి కారణం ఇదే.

సరిచేయడానికి పట్టేది కొద్ది వరుసల కోడే. మరి ఇన్నాళ్లు ఎవరికీ ఎందుకు తెలియలేదంటే, ‘చక్రం’ అన్న ఒక్క మాటతో పరీక్ష ఉన్నా మొదటి రోజే పట్టుబడేది, అది లేదు. కోడు పాతదైనందువల్ల పాడవలేదు, చూసుకునేవారు లేనందువల్ల పాడైంది. కనుక తొలగించాలన్న నా మునుపటి మాట ఇప్పుడు పై పొరకే వర్తిస్తుంది.

ఒక అంశంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. నమూనా పేజీ ఒక్కటి కూడా మన దగ్గర లేని ఫాంట్ల పట్టికలు కొన్ని ఉన్నాయి. అవి సరైనవో కావో చెప్పే ఆధారం లేదు. అటువంటివాటిని సరైనవాటి పక్కన పెట్టి అందించకూడదు.

పాతగ్రంథం

ఇంత శ్రద్ధగా చదివినందుకు కృతజ్ఞతలు. మరో విషయం కూడా చూడండి. చాలామంది పాఠ్యాన్ని నకలు చేసి వెబ్ పేజీ పెట్టెలో అతికిస్తారు. అలా అతికించినప్పుడు ఫాంటు పేరు పోతుంది. మిగిలేది ఏ ఫాంటుదో తెలియని అక్షరాల వరుస. తప్పు పట్టికతో మార్చినా ఏదో ఒక తెలుగు వస్తుంది. పైగా పుస్తకం మధ్యలో ఉన్న అసలైన ఇంగ్లీషు మాటలు కూడా అర్థం లేని తెలుగైపోతాయి. ఆర్‌టీఎఫ్‌లో అయితే ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో రాసి ఉంటుంది. కాబట్టి ఫాంటు పేరు తెలియని పాఠ్యాన్ని మార్చడానికి మాడ్యూల్ నిరాకరించాలి. పట్టికలో లేని గడి ఎదురైతే వదిలేసి ముందుకు పోకుండా, ఏ పేరాలో ఆగిందో చెప్పి ఆగిపోవాలి.

అచ్చుగది

ఆగిపోతే మాకు కష్టమే. మూడు వందల పేజీల పుస్తకంలో ప్రతి అలంకారపు గుర్తు దగ్గర ఆగితే పని సాగదు. అయితే పాతగ్రంథం గారి భయం న్యాయమైనది. ఆగకుండా, తెలియని గడి వచ్చిన చోట కంటికి కొట్టొచ్చినట్టు ఒక గుర్తు వేసి, చివర్లో అటువంటి చోట్ల పట్టిక ఇస్తే ప్రూఫు దిద్దేవారికి ఉపయోగపడుతుంది. మేం ఎలాగూ ప్రతి పేజీ దిద్దుతాం.

పరీక్షలకు కావలసిన నమూనాలు నేను ఇస్తాను. రచయితల అనుమతి తీసుకోవాలి కనుక పూర్తి పుస్తకాలు ఇవ్వలేను. ఒత్తులు, సంయుక్తాక్షరాలు, అంకెలు, అరసున్న, బండి ర వచ్చేలా నేనే కొన్ని పేజీలు ఆ ఫాంట్లలో టైపు చేసి, పక్కనే యూనికోడ్‌లో సరైన పాఠం కూడా టైపు చేసి పంపుతాను. కొత్తచివురు తమ్ముడు అవి చాలవంటే ఇంకా చేస్తాను.

మూసీతీరం

చర్చ ఇంత దూరం వచ్చినందుకు సంతోషంగా ఉంది. కానీ నా మొదటి ప్రశ్నకు సగమే జవాబు వచ్చింది. తప్పు ఎక్కడుందో తెలిసింది, నమూనాలు వస్తాయి. రెండేళ్ల తరువాత పైథాన్‌లో మరో మార్పు వచ్చినప్పుడు ఎవరు చూస్తారు?

ఒంటరి నిర్వాహకుడి మీద భారం పెరిగినప్పుడు ఏమవుతుందో 2024 మార్చిలో, ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ల కుదింపు ఉపకరణం ఉదంతంలో అందరం చూశాం. అలసిపోయిన నిర్వాహకుడికి సాయం చేస్తానంటూ వచ్చి నమ్మకం సంపాదించిన ఖాతాయే 5.6.0, 5.6.1 కూర్పుల్లో దొంగదారి పెట్టింది. మన ప్రాజెక్టు చిన్నదే అయినా రెండు జాగ్రత్తలు పాటించక తప్పదు. ఎవరికీ మోయలేనంత బరువు పెట్టకూడదు. కొత్తవారికి బాధ్యత అప్పగించేటప్పుడు ఆ బాధ్యతకు తగినంత అధికారమే ఇవ్వాలి. అందుకని ఈ మాడ్యూల్ ఉంటే విడి రిపాజిటరీలో ఉండాలి. దాన్ని చూసేవారికి అక్కడే అధికారం ఉంటుంది. అక్కడ ఏది ఆగిపోయినా ప్రధాన ఉపకరణం విడుదల ఆగదు.

గొలుసుకట్టు

విడి ప్యాకేజీ అయితే డెబియన్ వైపు పని నేను చూస్తాను. పట్టికలను కోడులో కాక మామూలు పాఠ్య ఫైళ్లుగా, ఒక వరుసకు ఒక గడి చొప్పున పెట్టమని మాత్రం కోరుతున్నాను. అప్పుడు పైథాన్ ఉన్నా లేకపోయినా, రేపు మరెవరైనా మరో భాషలో సర్దుబాటు పొర రాసుకోగలరు. ఒత్తుకూ పొల్లుకూ పట్టికలో వేరు వేరు గుర్తులు ఉండాలి. పాత ఫాంటులో ఎవరైనా ‘సాఫ్ట్‌వేర్’లో ట మీద పొల్లు పెట్టి రాస్తే, మార్పిడిలో కలపకూడదన్న గుర్తు చేర్చకపోయినట్లయితే అది ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది.

కొత్తచివురు

విడి రిపాజిటరీకి ఒక ఏడాది పాటు బాధ్యత నేను తీసుకుంటాను. ఏడాది తరువాత కొనసాగించలేకపోతే మూడు నెలల ముందే ఇక్కడ రాస్తాను. ఎవరూ ముందుకు రాకపోతే దాన్ని చదవడానికి మాత్రమే ఉండేలా మూసివేసి, ఆ సంగతి మొదటి పేజీ మీద స్పష్టంగా రాస్తాను.

మూసీతీరం

అభ్యంతరాలు రాసినవారందరితో విడిగా కూడా మాట్లాడిన తరువాత తీసుకున్న నిర్ణయం ఇది.

ఇప్పుడున్న 3వ కూర్పుల వరుసలో వెంటనే ఒక సవరణ విడుదల వస్తుంది. అందులో బైట్ల పోలిక తప్పు సరిచేసి ఉంటుంది. మాడ్యూల్‌ను వాడిన ప్రతిసారీ, ఇది 4.0లో ఉండదని, విడి ప్యాకేజీగా దొరుకుతుందని తెలుగులోనే సందేశం వస్తుంది. ఆ సందేశం తెర మీదే కాక మార్చిన ఫైలు చివర కూడా ఉండాలన్నది అచ్చుగది గారి సూచన. దుకాణంలో యంత్రం నడిపేవారు ఒకరు, ఫైలు చూసేవారు మరొకరు కనుక అది సబబుగా తోచింది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పుస్తక ప్రదర్శన పనులు ఉంటాయి కాబట్టి 4.0ను జనవరికి ముందు విడుదల చేయం. 4.0లో పాత ఫాంట్ల కోడు, దాని వెబ్ పేజీ ఉండవు.

విడి ప్యాకేజీలో, నమూనా పేజీతో పరీక్షలో నెగ్గిన పట్టికలే మామూలుగా పనిచేస్తాయి. నమూనా లేనివి వేరే ఫోల్డరులో ఉంటాయి, అడిగి లోడు చేసుకోవాలి, ఫలితం మీద సరిచూడలేదన్న గుర్తు ఉంటుంది. వాటిని సరైనవాటి పక్కన అందించకూడదన్న కొత్తచివురు గారి వాదానికి బలం ఉన్నా, దూరతీరం గారి పాత వెబ్ పేజీలకు ఆ పట్టికలు తప్ప మరో దారి లేదని నేను అటు మొగ్గాను. ఆర్కైవ్ నుంచి నమూనాలు సేకరించి ఇస్తామని వారు మాట ఇచ్చారు. వచ్చిన కొద్దీ పట్టికలు ఇటువైపు చేరతాయి.

తెలియని గడి దగ్గర ఆగాలా, గుర్తు వేయాలా అన్నదానికి రెండు విధానాలూ ఉంటాయి. మామూలుగా ఆగుతుంది. గుర్తు వేసి సాగే విధానాన్ని వాడేవారు ఎంచుకోవాలి. ఇందులో నేను గ్రంథాలయం వైపు నిలిచాను. ఫాంటు పేరు లేని పాఠ్యం విషయంలో మాత్రం మినహాయింపు లేదు, ఏ ఫాంటో చెప్పనిదే మార్పిడి జరగదు.

పాతగ్రంథం

నిర్ణయానికి నా సమ్మతి తెలుపుతున్నాను. ఇప్పటికే తప్పుగా మారి సూచికల్లోకి, వెబ్‌లోకి ఎక్కిన పాఠ్యం సంగతి మిగిలింది. మూలం పోయినవాటిని మళ్లీ మార్చడానికి వీలు లేదు. వాటికి ఏదైనా దారి ఉందా?

కొత్తచివురు

సగం వరకు ఉంది. సరైన తెలుగులో గుణింతపు గుర్తు తరువాత పొల్లు రాదు. ‘శకి్త’లో గుడి వెనుక పొల్లు ఉంది కనుక అది తప్పని యంత్రానికే తెలుస్తుంది. గుడిని ఒత్తుల తరువాతకి జరిపితే ‘శక్తి’ అవుతుంది, ‘సీ్త్ర’ ‘స్త్రీ’ అవుతుంది. ఐత్వపు రెండు గుర్తులను యూనికోడ్ సాధారణీకరణే ఒకటి చేస్తుంది. ‘చ్రకం’ వంటివి మాత్రం ఇలా దొరకవు. ‘చ్ర’ కూడా తెలుగులో రాయదగిన అక్షరమే కనుక వరుసలో తప్పు కనిపించదు. వాటిని నిఘంటువుతో పోల్చి అనుమానాస్పదమైనవిగా చూపగలం, దిద్దడం మనిషే చేయాలి.

ఈ సవరణకు పాత ఫాంట్లతో సంబంధం లేదు, ఇది పూర్తిగా యూనికోడ్ పాఠ్యం మీద జరిగే పని. కాబట్టి ప్రధాన ఉపకరణంలోనే, అక్షరక్రమ సవరణ భాగంలో చేర్చవచ్చని ప్రతిపాదిస్తున్నాను. మూసీతీరం గారు ఒప్పుకుంటే వేరే అంశంగా నమోదు చేస్తాను.

మూసీతీరం

నమోదు చేయండి. పాతగ్రంథం గారూ, మీ సూచికలోని తప్పు మాటలు కొన్ని ఆ అంశం కిందే చేర్చండి, పరీక్షలు వాటితోనే మొదలుపెడదాం. అచ్చుగది గారి నమూనా పేజీలు అందగానే 3వ వరుస సవరణ విడుదల తేదీ ప్రకటిస్తాను.